ఎక్సెల్ గడిలో నాయన చేను

రెండేళ్ల కిందట ఆగస్టు 18న మా నాయన ఫోన్ చేసి, "పాపా, నీ కంప్యూటర్లో మన చేను పచ్చగుండాదా?" అని అడిగినాడు. అడిగిన తీరులోనే ఎగతాళి తెలుస్తాంది. ల్యాప్‌టాప్ తెరిచి చూసి చెప్పినా, పచ్చగానే ఉందని. ఆ రోజు వరుసలో నీటి ఎద్దడి గడి సున్నా చూపిస్తాంది.

"ఈడ మాత్రం పదిగంటలకే ఆకు ముడుచుకుంటాండాది" అని పెట్టేసినాడు.

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తా. మా ఊరు కూడేరు పక్కన. నాయనకు నాలుగెకరాల ఎర్రనేల ఉంది. బోరు ఎండి చాలా ఏళ్లయింది, ఇప్పుడు వానే దిక్కు. ఏటా శనక్కాయే, మధ్యలో కంది సాళ్లు. ఈ చేనును కంప్యూటర్లోకి ఎక్కించాలన్న పిచ్చి నాకు క్లాసులో పట్టుకుంది. అవకలన సమీకరణాలు చెప్పేటప్పుడు ప్రతి పుస్తకంలో కుందేళ్లే పెరుగుతుంటాయి. మా పిల్లల్లో కుందేలును చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. శనక్కాయ చెట్టు చూడనివాడు ఒక్కడూ లేడు.

మొదట పట్టుకున్నది బొమ్మలు గీసే పద్ధతి. లిండెన్‌మేయర్ అని హంగేరీలో పుట్టిన జీవశాస్త్రవేత్త 1968లో నాచు పోగులు ఎట్లా పెరుగుతాయో అక్షరాలతో రాసినాడు. "క" ఉంటే అది "కగ" అవుతుంది, "గ" ఉంటే అది "క" అవుతుంది. నియమం అంతే. క, కగ, కగక, కగకకగ అని రాసుకుంటూ పోతే అక్షరాల లెక్క 1, 2, 3, 5, 8 అని వస్తుంది, ముందరి రెండూ కూడితే తర్వాతిది. బోర్డు మీద ఇది రాసినప్పుడు, వెనక బెంచీలో ఎప్పుడూ కిటికీలోంచి చూసే పిల్లోడు "మేడం, ఇది ఫిబొనాచీ కదా" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆ వారమంతా నాకు హుషారు.

అదే పద్ధతిలో శనక్కాయ చెట్టు గీద్దామని కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. మా జేజినాయన కాలంలో తీగ రకం వేసేవాళ్లు. ఇప్పుడు నాయన వేసే కదిరి-6 గుత్తి రకం. రెండింటికీ తేడా పాకడం, నిలబడడం మాత్రమే అనుకునేదాన్ని. కొమ్మ కణుపుల్ని లెక్కబెడితే తేడా వ్యాకరణంలో ఉంది. తీగ రకాల్లో కొమ్మ మీద రెండు కణుపులకు కొమ్మలు వస్తే తర్వాతి రెండు కణుపులకు పూలు వస్తాయి, మళ్లీ రెండు కొమ్మలు, మళ్లీ రెండు పూలు. నడి కాండానికి పూలే రావు. గుత్తి రకాల్లో పూల కణుపులు ఒకదాని వెంట ఒకటి వరసగా వస్తాయి. అంటే రెండు రకాలకూ రెండు వేరే నియమాలు రాస్తే చాలు, రెండు వేరే చెట్లు తెర మీద మొలుస్తాయి. మొలిచినాయి కూడా. నాయనకు చూపిస్తే, "బాగుండాది. కాయలు యాడ?" అన్నాడు.

ఆ బొమ్మ నీళ్లు తాగదు. ఎండ తినదు. దానికి కాయ ఎట్లా వస్తుంది? అట్లా ఎక్సెల్‌కు దిగినా.

శనక్కాయకు కంప్యూటర్ నమూనాలు కొత్తేమీ కాదు. 1980ల్లోనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ బూట్ బృందం ఒకటి తయారు చేసింది. దాని వారసుడు ఇప్పుడు డీఎస్‌శాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉంది. నేనూ దించుకున్నా. విత్తన రకానికి పదికి పైగా అంకెలు అడుగుతుంది, నేలను పొరలు పొరలుగా చెప్పమంటుంది. ఇంకొకరు వండిన కూరలో ఉప్పు సరి చేసినట్టుంటుంది గానీ వంట రాదు అనిపించి, చిన్నదైనా నాదే రాసుకుందామనుకున్నా. ఒక్కో వరుస ఒక్కో రోజు. విత్తిన నాటి నుంచి 110 వరుసలు.

మొదటి నిలువు గడుల్లో వేడి. 1735లోనే ఫ్రాన్సులో రేమ్యూర్ అనే ఆయన, రోజువారీ వేడిని కూడుకుంటూ పోతే పైరు పక్వానికి వచ్చే వేళ తెలుస్తుందని రాసినాడు. శనక్కాయకు 10 డిగ్రీల కింద పెరుగుదల ఉండదని లెక్క పెడతారు. మా వైపు జులైలో రోజు సగటు 28 డిగ్రీలుంటే, ఆ రోజు ఖాతాలో 18 పడుతుంది. మన కార్తెలూ ఇటువంటి లెక్కే అనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదు. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెప్పేది. మబ్బు పట్టిన పునర్వసుకూ, మండిపోయే పునర్వసుకూ పంచాంగంలో తేడా ఉండదు, చెట్టుకు ఉంటుంది. ఆ ఏడు జులై 9న గొర్రుతో విత్తినారు. నా ఖాతా ప్రకారం 27వ రోజు పూత రావాలి. మా అమ్మ కలుపు తీస్తూ 28వ రోజు పొద్దున పసుప్పచ్చ పూలు చూసింది. శనక్కాయ పూవు తెల్లారి విచ్చుకుని ఎండెక్కేసరికి వాడిపోతుంది కాబట్టి పొద్దున పోనివాళ్లకు కనపడదు. ముందు రోజు అమ్మ చేనికి పోలేదు. కాబట్టి నా 27 కూడా నిజమై ఉండొచ్చునని నేను ఇప్పటికీ వాదిస్తా.

తర్వాత ఎండ. ఆకుల గుంపులోకి దిగే కొద్దీ వెలుగు ఎట్లా తగ్గుతుందో 1953లో జపాన్‌లో మోన్సి, సాయెకి అనే ఇద్దరు సూత్రం కట్టినారు. ఒక చదరపు మీటరు నేల మీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో తెలిస్తే, ఎంత ఎండ పట్టుకుంటుందో చెప్పొచ్చు. నేను పెట్టుకున్న అంకెతో ఆకు ఒక మీటరుంటే 45 శాతం, రెండు మీటర్లుంటే 70, మూడుంటే 83. మొదటి మీటరు ఆకు తెచ్చే లాభం మూడోది తేదు. పిల్లలకు ఘాతాంక ప్రమేయం చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఎండ లెక్క మాత్రం మా ఊళ్లో కొలిచేవాళ్లు లేరు గాబట్టి నాసావాళ్ల పవర్ అనే వెబ్‌సైట్ నుంచి తీసుకున్నా.

పట్టుకున్న ఎండ ఎంత బరువుగా మారుతుందనేది మరో గడి. మాంటీత్ అనే శాస్త్రవేత్త 1977లో బ్రిటన్ పంటలకు ఒక మెగాజౌల్ (శక్తికి కొలత) ఎండకు 1.4 గ్రాములు అని లెక్క తేల్చినాడు. శనక్కాయకు అంత రాదు. తప్పు చెట్టుది కాదు, నూనెది. ఒక గ్రాము పిండి పదార్థం చేయడానికి చెట్టుకు సుమారు 1.2 గ్రాముల చక్కెర చాలు. ఒక గ్రాము నూనెకు సుమారు మూడు గ్రాములు కావాలి. గింజలో సగం నూనే. కొర్ర మూటనూ శనక్కాయ మూటనూ పక్కపక్కన పెట్టి దిగుబడి పోల్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఆకు లోపల కిరణజన్య సంయోగక్రియను ఇంకా లోతుగా లెక్కగట్టే నమూనా ఉంది. ఫార్కార్, వాన్ కేమెరర్, బెర్రీ అనే ముగ్గురు 1980లో రాసింది. ప్రపంచ వాతావరణ నమూనాల్లో కూడా అదే వాడతారు. నేను ముట్టుకోలేదు. రోజుకు ఒక వరుస రాసుకునేదానికి ఆకు లోపల సెకను సెకనుకూ ఏం జరుగుతుందో ఎందుకు?

ఇంక వాన. ప్లాస్టిక్ సీసా కోసి స్కేలు అంటించి ఇంటి మిద్దె మీద పెట్టినా. మూడు కిలోమీటర్ల దూరంలో పడిన వాన మా చేన్లో పడదు. "ఎద్దు కుడి కొమ్ము తడిస్తే ఎడమ కొమ్ము తడవదు" అంటాడు నాయన. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు అనే అంకెను నేను బడిలో బట్టీ పట్టినా. చేనికి దానితో పనిలేదు. ఎంత పడిందన్నది సగం లెక్క, ఎట్లా పడిందన్నది మిగతా సగం. అమెరికా నేల సంరక్షణ శాఖవాళ్లు కట్టిన సూత్రం ఒకటుంది, పడిన దాంట్లో పారిపోయేదెంతో చెప్తుంది. మా నేలకు సరిపడే అంకె వేసి చూస్తే, ఒకే వానగా 50 మిల్లీమీటర్లు పడితే 14 వంకలో కలుస్తాయి. అదే 50, వారం ఎడంతో పాతికా పాతికా పడితే పోయేది నాలుగే.

ఇవన్నీ బాగానే కుదిరినాయి. తేడా కొట్టింది నేను రెండు నిమిషాల్లో రాసేసిన గడి దగ్గర. నేల లోతు: 60 సెంటీమీటర్లు. ఒక పాత సర్వే పటంలో మా ప్రాంతానికి ఆ అంకె ఉంది. రాసి ముందుకు పోయినా.

ఆగస్టు 13న మంచి వాన పడింది. అదే ఆఖరు. తర్వాత మఖ కార్తె అంతా వరుపు, 19 రోజులు చినుకు లేదు. "మఖ పుబ్బలు వరుపైతే మహత్తర క్షామం" అని సామెత ఉండనే ఉంది. సామెతను ఎవరైనా చెప్తారు. నాయన ఫోన్ చేసింది అయిదో రోజు. అయిదో రోజుకే ఆకు ఎట్లా ముడుచుకుంటుందని నాకు అర్థం కాలేదు. మా ఎర్రనేల ఒక సెంటీమీటరు లోతుకు ఒక మిల్లీమీటరు నీళ్లు పట్టుకుంటుందని లెక్క. 60 సెంటీమీటర్లకు 60 మిల్లీమీటర్లు. రోజుకు 5 పోతే, సగం ఖర్చయ్యేదాకా చెట్టుకు ఇబ్బంది ఉండదు. అంటే ఆరు రోజులు నిమ్మళంగా ఉండాలి.

ఆ ఆదివారం ఊరికి పోయినా. పదకొండు గంటలప్పుడు చేనంతా పలచగా కనపడింది. నాలుగు చిట్టాకులు రెండు జతలుగా దగ్గరికి మూసుకుని, అంచు ఎండ వైపు పెట్టి నిలబడినాయి. ఎండ తక్కువ తగలాలని చెట్టు పడే పాట్లు అవి. ఒక్క చోట మాత్రం, పడమటి గట్టుకు కొంచెం ఇవతల, గంప బోర్లించినట్టు గుండ్రంగా ఒక మడత కూడా లేకుండా పచ్చగా ఉంది. పెంట కుప్ప వేసిన చోటేమో అనుకుని ఫోటో తీసుకుని వదిలేసినా.

అన్నట్టు అదే వారం ఫోన్లో పెట్టుకున్న ఒక యాప్ "మీ పైరుకు ఇప్పుడు తడి ఇవ్వండి" అని మెసేజ్ పంపింది. వానాధార చేనికి. నాయనకు చదివి వినిపిస్తే, "దాన్నే వచ్చి ఇయ్యమను" అన్నాడు.

నేను 60 అని చెప్పేసరికి నాయన ఏమీ అనలేదు. కొట్టంలోంచి గడ్డపార తెచ్చి నా చేతికిచ్చినాడు. "తవ్వు" అన్నాడు. నాలుగు పోట్లకు అడుగున గట్టి గరుసు పొర తగిలి గడ్డపార టంగుమంది. స్కేలు పెట్టి చూస్తే 31. "మడక పట్టిన ప్రతోనికీ తెలుసు ఇది. నువ్వు అడగల్యా" అన్నాడు. నిజమే. వేడిని ఫ్రాన్సులోనూ, ఎండను నాసాలోనూ అడిగినా గానీ, నేల సంగతి నేల దున్నే మనిషిని అడగలేదు.

60 తీసి 30 వేస్తే 30 మిల్లీమీటర్లే. నిమ్మళంగా ఉండేది మూడు రోజులు. అయిదో రోజుకు ఆకు ముడుచుకోవాల్సిందే. ఒక్క గడి మార్చగానే కింద నూరు వరుసలు గలగలా మారిపోయినాయి. ఎకరాకు ఏడు క్వింటాళ్లు అని చూపించిన ఆఖరి గడి 4.2కు దిగింది.

స్వాతి కార్తెలో కట్టె పీకి, కొట్టి, తూకం వేస్తే ఎకరాకు రెండున్నర వచ్చింది.

మిగతా 1.7 క్వింటాళ్లు యాడికి పోయింది? నీటి లెక్క ఇప్పుడు సరిగ్గానే ఉంది. ఎండ, వేడి సరే. కాయలు కొట్టకముందు నేను పది చెట్లు పీకి ఒక గోనెపట్ట మీద పరిచి ఊడలు లెక్కబెట్టి ఉన్నా. పది చెట్లకు 212 ఊడలు. నేలలోకి దిగినవి 74. మిగతావి గాల్లోనే సూదుల్లాగా ఎండి వేలాడుతున్నాయి. శనక్కాయ పద్ధతే వింత. పూవు పైన పూసి, ఫలదీకరణమైనాక అండాశయాన్ని కొనలో పెట్టుకుని ఊడ కిందికి దిగుతుంది, చీకట్లోకి పోయినాకే కాయ ఊరుతుంది. నా ఎక్సెల్‌లో ఊడలు పుట్టిన రోజే కాయలైపోతున్నాయి. పై మట్టి గట్టిపడి పెంకు కట్టిందన్న సంగతి దానికి తెలియదు. కింద పొరలో పదును మిగిలి ఉన్నా, పై రెండు వేళ్ల మట్టి ఎండితే ఊడకు దారి లేదు.

దిగిన వాటిలోనూ సగం పొల్లు. ఇది ఇంకో కథ. చెట్టులో కాల్షియం నీళ్లతోపాటు ఆకుల వైపు పైకి పోతుందే తప్ప కాయలోకి దిగి రాదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోంచే కాల్షియం పీల్చుకోవాలి. అందుకే పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటారు. నాయన వేసినాడు కూడా. మట్టి తడిగా లేకపోతే జిప్సం కరిగేదెట్లా, కాయకు అందేదెట్లా? వేసిన జిప్సం తెల్లగా సాళ్లలో కట్టె పీకేదాకా కనపడుతూనే ఉంది.

అప్పుడు నేలను రెండు తొట్లుగా చేసినా. పై 5 సెంటీమీటర్లు ఒకటి, కిందిది ఒకటి. పై తొట్టి ఎండిన రోజు పుట్టిన ఊడ వేచి ఉంటుంది, పది రోజులు దాటితే చచ్చిపోతుంది. ఆ పది నేను ఊహించి పెట్టుకున్న అంకె, చేన్లో కొలిచింది కాదు. పెట్టగానే దిగుబడి 2.9కి వచ్చింది. సంతోషంగా పిల్లలకు చూపించబోయి ఆగిపోయినా. తప్పిన ప్రతిసారీ ఒక గడి చేర్చుకుంటూ పోతే చివరికి ఆ ఏడాదికి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది, ఇంకే ఏడాదికీ పనికిరాదు. అందుకని మరుసటేడు ఒక్క అంకె కూడా ముట్టుకోకుండా, విత్తిన తేదీ, వాన, వేడి, ఎండ మాత్రం మార్చి నడిపినా. లెక్క 4.8 చెప్పింది. వచ్చింది 5.5. బాగుందని అందరూ అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ ఏడు ఊడలు దిగే వేళకు వారానికొక తడి పడుతూనే ఉంది. పెంకు కట్టని ఏడాదిలో పెంకు లెక్క సరైనదని ఎట్లా తెలుస్తుంది? నా నమూనాకు పరీక్ష పెట్టాలంటే ఇంకో మఖ వరుపు రావాలి. అది రావాలని కోరుకోలేను గదా.

కంది సాళ్ల సంగతీ తేలలేదు. మొదట్లో శనక్కాయ కందికి ఎండ అడ్డం, చివర్లో కంది శనక్కాయకు అడ్డం. వేర్లు ఒకటి పైన, ఒకటి గరుసు సందుల్లోంచి ఇంకా కిందికి. ప్రస్తుతానికి కంది లేనట్టే నడుపుతున్నా, నాయనకు చెప్పలేదు.

ఈ ఎండాకాలం చేసిన పని ఒకటే, గుంతలు. చేను అంతటికీ 31 అనుకోవడం మళ్లీ పాత తప్పే గదా అని, వరసగా తవ్వుకుంటూ పోయినా. 31, 28, 26, 44, 35, 22, 30. తూర్పు వైపు వాలులో 22, వంక దగ్గర 44. నాలుగెకరాలు ఒక చేను కాదు, ఏడు చేన్లు. ఇప్పుడు ఎక్సెల్ ఏడుసార్లు నడుస్తుంది, ల్యాప్‌టాప్ ఫ్యాను మోత మోగుతుంది.

ఎనిమిదో గుంతకు పడమటి గట్టు ఇవతల గడ్డపార ఎత్తితే నాయన అరిచినాడు. "ఆడొద్దు పాపా! ఆడ యాడికని తవ్వుతావు? మీ జేజినాయన పూడ్చిన బావి అది."

ఫోన్లో రెండేళ్ల కిందటి ఫోటో వెతికి చూసినా. గుండ్రంగా, ఒక్క ఆకూ ముడుచుకోకుండా, అదే చోటు. బావి ఎంత లోతని అడిగితే అయిదు మట్లు అని నాయన, ఏడని అమ్మ. ఎనిమిదో గడి ఖాళీగా ఉంది.